వీధి మలుపు కింద దిమ్మ

నీటి సరఫరా ఆఫీసు మూడో అంతస్తులో, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ఆమె ఇరవై ఏళ్లకు పైగా గీతలు గీసింది. మొదట్లో పలచటి కాగితం మీద సిరా కలంతో, తర్వాత కంప్యూటర్ మీద. ఊళ్లో ఏ వీధి కింద ఎంత లావు గొట్టం ఉందో, అది ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఎక్కడ వాల్వు ఉందో, అన్నీ ఆమె చేతి మీదుగా వెళ్లినవే. ఆఫీసులో అందరూ ఆమెను గీతలమ్మ అనేవాళ్లు. అసలు పేరు జీతం పట్టీలో తప్ప ఎక్కడా కనిపించేది కాదు. ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ఆమె కూడా ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూసేది, ఇంకెవరినో అనుకుని.

ఇంజనీర్లు లెక్కలు కట్టి చిత్తుబొమ్మ ఒకటి గీసి ఇస్తారు. దాన్ని కొలతలతో సహా శుభ్రంగా తిరిగి గీయడం ఆమె పని. చేతి పని నీటుగా ఉండేది. తప్పులు రావు. తిట్లు పడవు. ఒకటో తారీకు జీతం వస్తుంది. అలా ఇంకో పదిహేడేళ్లు గడిచిపోయేవే.

ఒక రోజు పెద్ద ఇంజనీరు ఒక చిత్తుబొమ్మ తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. రైలు గేటు దగ్గర పాత గొట్టం తీసి కొత్తది వేసే పని. గొట్టం మలుపు తిరిగే చోట, బయటి వైపు, ఎప్పటిలాగే ఒక పెద్ద కాంక్రీటు దిమ్మ. అలాంటివి ఆమె వందల కొద్దీ గీసింది. ఎప్పుడూ మలుపు దగ్గరే, ఎప్పుడూ బయటి వైపే. ఆ రోజు ఎందుకో అడగాలనిపించింది.

"సార్, ఈ దిమ్మ ఎందుకు పెడతాం?"

"నీళ్లు తోస్తాయి కదమ్మా. గొట్టం పక్కకి జరిగిపోకుండా."

"గొట్టంలో నీళ్లు గొట్టంలోనే పోతాయి కదా సార్. దేన్ని తోస్తాయి?"

ఆయన గడియారం చూసుకున్నాడు. చెడ్డ మనిషి కాదు, ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. మీటింగుకి ఆలస్యమవుతోంది, అంతే. "అదంతా లెక్క గీతలమ్మగారూ. కూర్చుని చదవాల్సిందే గానీ, నిలబడి చెప్తే తెలిసేది కాదు," అని వెళ్లిపోయాడు.

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉంటే బాగుండేది. కోపం తెచ్చుకుని సాయంత్రానికి మర్చిపోయేది. లేదు కాబట్టే అది లోపల ముల్లులా ఉండిపోయింది. ఇన్నేళ్లు తను గీసిన దిమ్మలు కళ్ల ముందు వరసగా కదిలాయి. ఒక్కదాని సంగతీ తనకు తెలియదు. తెలియని భాషలో ఉత్తరాలు ముత్యాల్లాంటి అక్షరాలతో ఎత్తిరాసిన మనిషిలా అనిపించింది.

ఊరి చివర ఇంజనీరింగ్ కాలేజీలో, ఉద్యోగాలు చేసుకునే తనలాంటి డిప్లొమావాళ్ల కోసం సాయంత్రం తరగతులు నడిచేవి. అయిదేళ్ల చదువు. చివర్లో అసలైన డిగ్రీ, పగలు చదివిన పిల్లలకి ఇచ్చేదే. ఫీజంతా కలిపితే ఆమె రెండున్నరేళ్ల జీతం. చేతిలో అంత లేదు. అప్పు చెయ్యాలి.

ఆమె భర్తకు ఇంటి కిందే సెలూన్ ఉంది. రెండు కుర్చీలు, ఒక పొడవాటి అద్దం. లెక్క ఏదైనా ఆయన అద్దం మూల మీద సబ్బు ముక్కతో వేసేవాడు. ఆ మధ్యాహ్నం గిరాకీ లేని వేళ చూసి ఆమె విషయం చెప్పింది. ఆయన నవ్వలేదు. అదే ఆమెకు ఊరట. సబ్బు ముక్క తీశాడు.

"నీకిప్పుడు నలభై మూడు. చదువయ్యేసరికి నలభై ఎనిమిది. డిగ్రీ ఉంటే జూనియర్ ఇంజనీరు చేస్తారంటున్నావ్. చేస్తారనే అనుకుందాం. జీతం ఎంత పెరుగుద్ది?"

ఆమె చెప్పింది. ఆయన రాశాడు.

"బ్యాంకు కంతు పదేళ్లు. పెరిగిన జీతంలో ముప్పాతిక కంతుకే పోద్ది. యాభై ఎనిమిదికి అప్పు తీరుద్ది. అరవైకి రిటైరు." ఒక గీత గీసి కింద అంకె వేశాడు. "రెండేళ్లు. పదిహేనేళ్లు గింజుకుంటే మనకి నికరంగా మిగిలేది రెండేళ్ల లాభం. అదీ నువ్వు ఒక్క పరీక్ష కూడా తప్పకుండా ఉంటే."

"లెక్క కరెక్టేనండీ."

"కరెక్టని నాకూ తెలుసు. మరి ఎందుకు?"

దిమ్మ సంగతి చెప్పింది. చెబుతుంటే తనకే చిన్నతనంగా అనిపించింది. ఆయన ఆ అంకెలనూ ఆమె మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. "ఇంత ఫీజు కట్టి తెలుసుకోవాల్సినంత దిమ్మా అది?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. 

ఇంట్లో మూడో మనిషి అత్తగారు. జిల్లా బస్సుల్లో పాతికేళ్లు టికెట్లు కొట్టి రిటైరైన మనిషి. వీధిలో ఆవిడ పేరు కండక్టరమ్మ. కూతురు పదో తరగతికి వస్తున్న ఇంట్లో తల్లి కాలేజీలో చేరడమేమిటని ఆవిడ మొదటి వారం ముక్కున వేలేసుకుంది. రెండో వారం బ్యాంకుకి తనే తోడు వెళ్లింది, ఎందుకంటే కొడుకు షాపు మూసి రాలేనన్నాడు.

బ్యాంకులో అప్పుల బల్ల దగ్గర ఒక చిన్న వయసు అమ్మాయి కూర్చుని ఉంది. కాగితాలన్నీ చూసి ఇబ్బందిగా కదిలింది. "మేడం, చదువు అప్పుకి విద్యార్థి తల్లో తండ్రో హామీ సంతకం పెట్టాలి. మామూలుగా... విద్యార్థి పిల్లలు కదా."

"మా అమ్మా నాన్నా పోయారమ్మా," అంది గీతలమ్మ.

కండక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. "అత్త పనికిరాదా? నాకు పెన్షనొస్తది. ఇటివ్వు ఆ కాగితం."

ఆ అమ్మాయి లోపలికి వెళ్లి మేనేజరును అడిగి వచ్చి తల ఊపింది. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని, విద్యార్థినికి సంరక్షకురాలు అన్న చోట మెల్లగా సంతకం చేసింది. బయటికొచ్చాక కోడలి చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతూ అంది, "ఇదిగో అమ్మాయ్, టికెట్టు కొట్టేశాను. మధ్యలో దిగుతానంటే డబ్బులు వాపసు ఉండవు. తెలిసిందా?"

మొదటి ఏడాది ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. తరగతిలో అందరూ పాతికేళ్ల లోపువాళ్లే. పగలు ఫ్యాక్టరీల్లో, వర్క్‌షాపుల్లో పనిచేసి వచ్చి వెనక బెంచీల్లో కునికేవాళ్లు. ఆమెను ఆంటీ అనాలో మేడం అనాలో తేలక, చివరికి వాళ్లూ గీతలమ్మే అన్నారు. డ్రాయింగు పరీక్షలో ఆమెకే అందరికంటే ఎక్కువ మార్కులు. గణితంలో గుండుసున్నాకి కాస్త ఎక్కువ. నల్లబల్ల మీద మాస్టారు రాసే గుర్తులు ఆమెకు చీమల బారులా కనిపించేవి. వాటిలో ఎక్కడ పట్టుకోవాలో అర్థమయ్యేది కాదు. తెల్లవారకముందే లేచి వంటగది గట్టు మీద పుస్తకం పెట్టుకుని చేసేది. కూతురికి తెలిసిన లెక్కలు కూతురు చెప్పేది. కొన్నాళ్లకి ఆ పిల్లకి తెలిసినవి అయిపోయాయి.

"అమ్మా, ఇక్కడి నుంచి నాకూ రావు. ఇద్దరం కలిసి దారి తప్పిపోయాం," అంది ఆ పిల్ల.

గణితం తప్పింది. మళ్లీ రాసింది. మళ్లీ తప్పింది. పరీక్ష ఫీజు రెండుసార్లు కట్టాల్సి వచ్చింది. అద్దం మీద వేసిన లెక్కలో ఇది లేదని భర్త అనలేదు. అనకుండా సబ్బు ముక్క పక్కన పెట్టాడని ఆమెకు తెలుసు. ఒక సాయంత్రం సంచీ సర్దకుండా సోఫాలో కూలబడి, "ఇక నావల్ల కాదు," అంది.

కండక్టరమ్మ బఠాణీలు ఒలుస్తూ తలెత్తకుండా, "స్టేజీ రాలేదమ్మా ఇంకా," అంది. అంతే అంది. ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. లేచి సంచీ సర్దుకుంది. మూడోసారి బొటాబొటీ మార్కులతో గణితం గట్టెక్కింది.

మూడో ఏడు నీళ్ల పాఠాలు మొదలయ్యాయి. చెప్పేది ఒక వయసు మళ్లిన మాస్టారు. గొంతు ఎప్పుడూ పట్టేసినట్టుండేది. పిల్లలు ఆయన్ని బొంగురు మాస్టారు అనేవాళ్లు, ఆయనకు తెలుసు, పట్టించుకునేవాడు కాదు. మాట వినపడదు కాబట్టి ఎక్కువ చూపించేవాడు. ల్యాబులో నేల తడిగా ఉండేది. గోడ పొడవునా తొట్లు, పంపులు, గాజు గొట్టాలు.

ఆ రోజు ఆయన బల్ల మీద ఒక మెత్తటి రబ్బరు గొట్టాన్ని మలుపు తిరిగేలా పెట్టాడు. ఒక చివర పంపుకి బిగించాడు, రెండో చివర బిరడాతో మూసేశాడు. "ఎవరైనా వచ్చి మలుపు దగ్గర పట్టుకోండి," అన్నాడు. ఎవరూ కదల్లేదు. గీతలమ్మ వెళ్లింది.

ఆయన వాల్వు కొద్దికొద్దిగా తిప్పాడు. మొదట ఏమీ లేదు. తర్వాత ఆమె అరచేతుల కింద గొట్టం బిగుసుకుంది. ఇంకొంచెం తిప్పాడు. మలుపు తిన్నగా అయిపోవాలని చూస్తున్నట్టు బయటికి నెట్టింది. ఆమె కాళ్లు ఆనించి, ఒళ్లంతా పెట్టి ఆపింది. ప్రాణమున్న జంతువేదో చేతుల్లో పెనుగులాడుతున్నట్టుంది.

"మాస్టారూ, ఆ చివర మూసేశారు కదా. నీళ్లు పోవడం లేదు కదా?"

"పోవడం లేదు."

"కదలని నీళ్లు ఇంతగా తోస్తాయా?"

"కదిలితే ఇంకాస్త తోస్తాయి. ఆ కాస్త పెద్ద లెక్కలోది కాదు. తోసేది ప్రెషరు. తిన్నని గొట్టంలో ఈ వైపు తోపుకి ఆ వైపు తోపు సరిపోతుంది, నీకు తెలియనే తెలియదు. మలుపులో రెండు తోపులూ ఎదురెదురుగా ఉండవు. మిగిలిపోయింది బయటికి వస్తుంది." ఆయన పంపు ఆపాడు. ఆమె చేతుల్లో గొట్టం ఒక్కసారిగా నీరసించిపోయింది. "దాన్ని ఆపడానికి ఊళ్లో కాంక్రీటు దిమ్మలు పెడతారు. నువ్వు గీసే ఉంటావు."

"గీశాను," అంది. 

"దిమ్మ ఆపుతుందనుకుంటారు అందరూ. దిమ్మ ఏం ఆపుతుంది? దాని వెనకున్న మట్టి ఆపుతుంది. దిమ్మ చేసేదల్లా ఆ తోపుని తీసుకెళ్లి మట్టికి వెడల్పుగా అందించడమే."

ఆ రాత్రి తరగతయ్యాక బస్సులో కూర్చుని ఆమె లెక్క వేసింది. తన వీధి మలుపులో, రొట్టెల దుకాణం ముందు, నేల కింద రెండడుగుల వెడల్పు గొట్టం ఉంది. ఆ బొమ్మ గీసింది తనే. ప్రెషరు ఎంతో ఆఫీసులో అందరికీ తెలిసిన అంకే. వైశాల్యం వేసింది, గుణించింది, మలుపు కోణం పెట్టింది. జవాబు చూసి తప్పు చేశాననుకుంది. ఇంకోసారి వేసింది. అదే వచ్చింది. ఇరవై నాలుగు టన్నులు.

ఆమె బస్సు దిగి ఆ మలుపు దగ్గర ఆగిపోయింది. రొట్టెల దుకాణం మూస్తున్నారు. ఒకాయన షట్టరు సగం దించి లోపల నేల తుడుస్తున్నాడు. ఒక జంట మాట్లాడుకుంటూ దాటిపోయింది. కాళ్ల కింద తారు రోడ్డు, మామూలు తారు రోడ్డు, ఒక చోట అతుకు. ఆ కింద సరుకు నింపిన పెద్ద లారీ బరువంత తోపు, ఇప్పుడు, ఈ నిమిషాన, పక్కకి నెడుతూ ఉంది. నిన్నా నెట్టింది. తను పెళ్లయి ఈ వీధికి వచ్చిన రోజూ నెడుతూనే ఉంది. కూతుర్ని చంకనేసుకుని రొట్టె కొనడానికి ఈ అతుకు మీదే ఎన్నిసార్లు నిలబడలేదు. ఆ కాంక్రీటు, దాని వెనక ఈ మట్టి, ఎవరికీ చెప్పకుండా, నిద్ర లేకుండా, దాన్ని ఆపుకుంటూ వచ్చాయి. ఆమె ఒళ్లు జలదరించింది. భయం కాదు. కాలు తీసి పక్కకి పెట్టడానికి మొహమాటంగా అనిపించింది, పూనికగా పని చేసుకుంటున్న వాళ్ల మధ్యలో నిలబడినట్టు.

ఇంటికెళ్లి భర్తకు చెప్పింది. ఆయన అన్నం తింటున్నవాడు ఆపాడు. "ఎన్ని టన్నులు?"

"ఇరవై నాలుగు."

"మన రొట్టెల కొట్టు దగ్గరా?"

మర్నాటి నుంచి ఆయన కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషికీ ఆ సంగతి చెప్పాడు. ఒక మోటారు మెకానిక్కు నమ్మలేదు. నీళ్లేంటి, టన్నులేంటి అన్నాడు. మాట మాట పెరిగింది. చివరికి మెడకి గుడ్డ, చెంపకి సగం నురగతో ఆ మెకానిక్కును ఆయన వీధి మలుపు దాకా నడిపించుకెళ్లాడు. ఇద్దరూ తారు వంక చూస్తూ నిలబడ్డారు. చూడ్డానికి అక్కడేమీ లేదు. అయినా చాలాసేపు చూశారు. కండక్టరమ్మ మేడ మీంచి ఇదంతా గమనించి, "వీడికి కూడా సీటు ఇప్పించాల్సింది, ఫీజులో తగ్గింపు ఇచ్చేవాళ్లేమో," అంది.

నలభై ఎనిమిదో ఏట ఆమెకు డిగ్రీ వచ్చింది. సెకండ్ క్లాసులో. భర్త వేసిన లెక్క అక్కడి నుంచి తప్పడం మొదలెట్టింది, అదీ చెడ్డ వైపే. కొత్త నియామకాలు ఆగిపోయి జూనియర్ ఇంజనీరు పోస్టు రావడానికి ఏడాదిన్నర పట్టింది. బ్యాంకు మాత్రం ఆగలేదు. పాత జీతంలోంచే కంతు కట్టారు. సెలూన్‌లో రెండో కుర్చీ చినిగితే టేపు అంటించారు. పోస్టు వచ్చాక పెరిగిన జీతం అనుకున్నదాని కంటే తక్కువ. కంతు పోగా మిగిలింది చూసి కూతురు, "అమ్మా, ఇది నా బస్సు పాసు," అంది. ఆ పిల్ల అప్పటికి తన సంగతి తేల్చుకుంది. ఏ అప్పూ అక్కర్లేని అకౌంట్స్ కోర్సులో చేరింది. "మన ఇంటికి ఒక్క ఇంజనీరు చాలు. ఇంకొకరిని మోయలేం," అనేది నవ్వుతూ.

అలాంటప్పుడు ఒక పెద్ద కాంట్రాక్టు కంపెనీ నుంచి కబురొచ్చింది. బొమ్మలూ తెలిసి, లెక్కలూ తెలిసిన మనిషి కావాలి. ఇప్పుడొచ్చే దానికి రెట్టింపు జీతం. ఆమె వెళ్లి చూసొచ్చింది. చల్లటి గది, మెత్తటి కుర్చీ. పని, బిల్లుల్లో కొలతలు సరిచూడడం.

"మూడేళ్లలో అప్పు తీరుద్ది. డిగ్రీ నిజంగా డబ్బు సంపాదించేది ఇక్కడే. ఇన్నాళ్లూ నేను లాభం ఎక్కడుందా అని వెతికింది దీని కోసమే," అన్నాడు భర్త.

"చేరతానండీ. కాకపోతే గుట్ట కాలనీ పనొకటి నా చేతిలో ఉంది. అది అయ్యేదాకా ఆగమని అడుగుతాను."

గుట్ట మీది కాలనీకి అప్పటిదాకా నీళ్లు ట్యాంకర్లలోనే వెళ్లేవి. కొత్త గొట్టం వేస్తున్నారు. గుట్ట అడుగున అది మలుపు తిరిగి పైకెక్కాలి. ఆ మలుపు దగ్గర దిమ్మ లెక్క పెద్ద ఇంజనీరు ఆమెకు అప్పజెప్పాడు. తను సంతకం పెట్టబోయే మొదటి లెక్క. అక్కడ మట్టి మంచిది కాదు, పాత కాలువ పూడ్చిన చోటు. ఆమె దిమ్మను మామూలు కంటే మూడింతలు పెద్దది చేసింది. పెద్ద ఇంజనీరు కాగితాలు తిరగేసి, పెన్సిలుతో ఒక చోట సున్నా చుట్టాడు. "దిమ్మ బరువుకి అడుగున రాపిడి ఉంటుంది కదా, అది కూడా కొంత ఆపుతుంది. దాన్ని వదిలేశారు." ఆమె నాలిక కరుచుకుంది. మళ్లీ వేసి కాస్త తగ్గించింది. ఆయన సరే అన్నాడు.

కంపెనీవాళ్లు ఆగలేదు. రెండు వారాలు చూసి ఇంకొకరిని పెట్టుకున్నారు. ఆ సంగతి తెలిశాక భర్త రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. మూడో రోజు, "పోనీలే, బిల్లులు సరిచూడ్డానికి నాకు కబురు పంపాల్సింది," అన్నాడు. ఆమెకు మనసులో నిజంగానే బాధగా ఉంది. ఆ డబ్బు అవసరం లేదని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

గొట్టంలోకి మొదటిసారి నీళ్లు వదిలి ప్రెషరు పరీక్ష చేసే రోజు పొద్దున్నే ఇంటిల్లిపాదీ వచ్చారు. కాలనీవాళ్లు గట్టు మీద బిందెలూ బకెట్లతో కాదు, ఊరికే చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇవాళ నీళ్లు రావని చెప్పినా వెళ్లలేదు. కందకంలో దిమ్మ కొత్తగా, తెల్లబూడిద రంగులో, చిన్న గదంత ఉంది. దాని ముందు మూల మీద ఒక ముల్లు గడియారం లాంటి పరికరం బిగించారు. దిమ్మ వెంట్రుకవాసి కదిలినా ముల్లు తిరుగుతుంది.

పంపు మొదలైంది. ముందు గుట్ట పైన గాలి వాల్వు బుసకొట్టింది. గొట్టంలో అంతదాకా ఉన్న గాలంతా ఒక పెద్ద పక్షి రెక్కలు కొట్టుకుంటున్నట్టు వెళ్లిపోయింది. తర్వాత ఆ చప్పుడు ఆగి, ఏ చప్పుడూ లేకుండా పోయింది. సూపర్వైజరు మీటరు చూస్తూ అంకెలు చెబుతున్నాడు. ప్రెషరు సగానికి వచ్చింది. ముల్లు కదిలింది.

దిమ్మ కదిలింది. గది అంతటి కాంక్రీటు జరిగింది. కంటికి తెలియదు, ముల్లు చెబుతోంది. ఆమె కందకంలో మోకాళ్ల మీద కూర్చుంది. గొట్టంలో ఏ చప్పుడూ లేని నీళ్లు, ముట్టుకుంటే చల్లగా ఉన్న ఇనుము, అంతే కనిపిస్తోంది. ముల్లు ఒక గీత దాటింది. ఇంకొకటి దాటింది. లెక్క ప్రకారం రెండు మిల్లీమీటర్ల దగ్గర మట్టి బిగుసుకోవాలి. కాగితం మీద రాసినప్పుడు అది ఒక అంకె. ఇప్పుడు వెనకున్న నేలంతా, ఆ పూడ్చిన కాలువ మట్టంతా, ఆ అంకెని చదువుకుని వచ్చిందా లేదా అన్నట్టుంది. 

"పూర్తి ప్రెషరు," అన్నాడు సూపర్వైజరు.

ముల్లు రెండు దాటి ఒక పిసరు వెళ్లి ఆగింది. వణికింది. ఇక కదల్లేదు.  ఆమె దిమ్మ మీద అరచెయ్యి పెట్టింది. ఎక్కడో దూరంగా, ఎవరికీ చెప్పకుండా, భూమి తన మాట మన్నించినట్టు అనిపించింది. తను కట్టిన లెక్కకి ఇంత పెద్ద లోకం కట్టుబడి ఉండటం ఆమెకు మింగుడు పడలేదు. కళ్లు తుడుచుకోబోయి చేతికి సిమెంటు దుమ్ము ఉందని ఆగింది.

భర్త కందకం అంచున చెప్పులు విడిచి దిగాడు. వంగి గొట్టం మీద చెయ్యి వేశాడు. "ఇప్పుడు తోస్తోందా?"

"తోస్తోంది."

"ఎంత?"

చెప్పింది. ఆయన చెయ్యి తియ్యలేదు. పైనుంచి కండక్టరమ్మ, తనను కూడా దింపమని అడుగుతోంది. మోకాళ్ల నొప్పులని కూతురు వారిస్తోంది.

నాలుగు రోజుల తర్వాత ఆమె బొంగురు మాస్టారింటికి వెళ్లింది. ఆయన రిటైరై ఇంట్లో మొక్కలకి నీళ్లు పోసుకుంటున్నాడు. ఆమె అన్నీ చెప్పింది, ముల్లు ఆగిన చోటుతో సహా. ఆయన తల ఊపుతూ విన్నాడు. గొంతు ఇంకా పోయింది, దగ్గరకు జరిగితే గానీ వినపడలేదు.

"ప్రెషరు తీసేశాక ముల్లు వెనక్కి ఎంత వచ్చింది?"

ఆమె గతుక్కుమంది. "చూడలేదు మాస్టారూ. అప్పటికి అందరూ టీ తాగడానికి వెళ్లాం."

"అది చూడాల్సిందమ్మా," అన్నాడు. మందలింపు కాదు. మంచి తీపి సగం తిని వదిలేసిన పిల్లని చూసినట్టు చూశాడు.

తర్వాతి పరీక్ష చెరకు మిల్లు దగ్గరి మలుపులో జరిగింది. ప్రెషరు నిలిచింది, కాగితాల మీద సంతకాలు అయ్యాయి, జనం సర్దుకున్నారు. ఆమె వాల్వు మనిషిని నెమ్మదిగా విప్పమని చెప్పి కందకంలోనే కూర్చుంది. ముల్లు వెనక్కి బయలుదేరింది. వచ్చింది, వచ్చింది, సున్నాకి కాస్త ముందు ఆగిపోయింది. కాసేపు చూసింది. ఇక రాలేదు. ఆ మిగిలిన కాస్త ఎక్కడికి పోయింది? మట్టి ఉంచుకుంది. ఎందుకు ఉంచుకుంటుంది, ఎంత ఉంచుకుంటుంది, మళ్లీ నొక్కితే ఇంకా ఉంచుకుంటుందా? అయిదేళ్ల చదువులో ఎవరో ఒకరు ఇది చెప్పే ఉంటారు. లేదా ఎవరికీ పూర్తిగా తెలియదేమో.

అప్పు ఇంకా ఏడేళ్లుంది. అయిదో తారీకు కంతు. పైనుంచి ఎవరో టీ చల్లారిపోతోందని కేకేశారు. ఆమె వస్తున్నానంటూనే మోకాళ్లు మట్టిలో ఆనించి, ఆ ముల్లు వైపు ఇంకాస్త వంగింది.